మార్కాపురం రాయి మీద యాంటెన్నా

గుంటూరు నుంచి మార్కాపురం, అక్కణ్ణుంచి గిద్దలూరు, మళ్లీ మార్కాపురం. నా ప్రయాణమంతా ఇంతే. ఆ వైపు చూడడానికని ఎవరూ పోరు. పెళ్లికి పోతారు, ఉద్యోగం బదిలీ అయితే పోతారు, లేదా శ్రీశైలం పోతూ బస్సు కిటికీలోంచి చూస్తారు. నేను ఒక యాంటెన్నాను చూడడానికి పోయాను. ఇంటికి వచ్చి వారమైంది. డైరీలో రోజువారీగా రాసుకున్నదాన్ని ఇక్కడ కాస్త విడమరిచి చెబుతున్నాను.

ఎందుకు పోయానో ముందు చెప్పాలి. నా ఉద్యోగమంతా చప్పటి యాంటెన్నాలతోనే గడిచింది. పలుచటి పలక ఒకటి ఊహించుకోండి. అడుగు వైపు నిండా రాగి రేకు, పై వైపు చిన్న రాగి ముక్క. అదే యాంటెన్నా. ఎత్తు లేదు, బరువు లేదు, జేబులో పడుతుంది. దానికి ఉన్నది ఒకటే జబ్బు. అది పనిచేసే తరంగాల మేర, మేము బ్యాండ్‌విడ్త్ అనేది, చాలా ఇరుకు. తడి తగిలినా, మనిషి ఒంటికి ఆనుకున్నా దాని శృతి కొంచెం పక్కకు జరుగుతుంది. మేర ఇరుకు కాబట్టి ఆ కొంచానికే మూగబోతుంది. ఆ మేరను పెంచడం ఎట్లా అని ఆలోచిస్తూనే రిటైరయ్యాను.

రాజేశ్వరి నాకు ఫోనులోనే తెలుసు. మార్కాపురం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. నా పాత పాఠాలు ఎక్కడో దొరికితే చదివి, నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆమె మేనమామ గిద్దలూరు దగ్గర గొర్రెలు కాస్తాడు. ఒకసారి నల్లమల అంచున వాగులో జారి, కాలు విరిగి, రాత్రంతా అక్కడే పడి ఉన్నాడట. అక్కడ ఫోన్లు పలకవు. అందుకని ఆమె నడుముకు కట్టుకునే చిన్న పెట్టె ఒకటి చేసింది. అడవిలో మీట నొక్కితే ఇంటి మిద్దె మీద ఇంకో పెట్టె మోగాలి. నడుముకు కట్టుకుంటే యాంటెన్నా శృతి తప్పుతోంది. మేర పెంచాలి సార్, ఏం చేయాలి అని అడిగేది.

పలక తీసేసి, రాగి ముక్కకూ రేకుకూ మధ్య గాలి వదలమన్నాను. "గాలి పెడితే పెద్దదవుతాది సార్, మామ నడుముకు పట్టదు. మా రాయి ఉండంగ గాలెందుకు?" అని నవ్వింది. వాళ్ల నాయన పలక రాయి చీల్చే పనివాడు. కాగితంలా పలచగా చీల్చి ఇచ్చాడట. దాని మీద రాగి అంటించి కొలిచి, ఆ కొలతల గ్రాఫు గీత పంపింది. చూసి ఆశ్చర్యపోయాను. అంత వెడల్పు మేర నేనెప్పుడూ సాధించలేదు. "గీత ఒక్కటే చాలదమ్మా, దూరం పోయి చూడాలి" అన్నాను. వారం తర్వాత ఫోన్ చేసింది. "మామ కొండ కాడ నుంచి నొక్కినాడంట సార్. మోగిందంట." ఆ గొంతులోని సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పటికే ఆమె కిడ్నీలు పాడై, ఒంగోలులో రక్తశుద్ధి మంచం మీద ఉంది. ఆ మంచం మీద నుంచే ఫోన్ చేసేది. ఆ వానాకాలం దాటకుండానే పోయింది.

ఈమధ్య ఆమె నాయన ఫోన్ చేశాడు. "సార్, గొర్లోళ్లు ఇంకో ఇరవై పెట్టెలు జేసియ్యమంటన్నారు. లోపలి పని పాప కాలేజీ పిల్లోళ్లు జేస్తారంట, రాయి నేను కొయ్యాల. ఎండాకాలం జీవాలను కొండకు తోలకముందే గావాల. మా పాప జేసింది సరిగ్గా ఉందో లేదో మీరొక్కసారి జూసి చెప్తే కోస్తా." అందుకు పోయాను.

రైల్లో

వినుకొండ దాటాక నేల రంగు మారుతుంది. దొనకొండ వచ్చేసరికి మా వైపు మిరప, పత్తి పోయి కంది, బీడు మొదలవుతాయి. రైల్లో నా ఎదురుగా ఒకావిడ మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దానికి టికెట్ తీసుకున్నావా అని పక్కాయన అడిగితే, "నువ్వు నీ కడుపుకు తీసుకున్నావా, అది నీకంటే సగం లేదు" అంది. పెట్టె అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి పొట్ట సర్దుకున్నాడు.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగితే ఊరు అక్కడే ఉంటుందనుకున్నాను. లేదు. ఆటోలో పోవాలి. ఆటో అతను నా ఒళ్లో ఉన్న కొలత యంత్రాన్ని చూసి, "బీపీ జూసేదా పెదనాయనా? నాకొకసారి జూడు, తల తిరగతాంది" అన్నాడు. ఇది మనుషులను చూసేది కాదు నాయనా అన్నాను. "మరి దేన్ని జూస్తాది?" గాలిలో పోయే తరంగాలను అన్నాను. "గాలికి బాగానే జేస్తన్నారు, మనిషికే ఏం లేదు" అన్నాడు. దిగేటప్పుడు నా సంచి తనే మోసుకొచ్చి లాడ్జి మెట్ల మీద పెట్టాడు.

మార్కాపురం

ఊరి బయట రాతి ముక్కల గుట్టలు ఉన్నాయి, నల్లగా, పలుచగా, దొంతర్లు దొంతర్లుగా. గనుల్లోంచి తీసిన రాయిలో పనికొచ్చేది కొంతే. మిగిలింది ఇట్లా గుట్టలవుతుంది. నా చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలక ఈ ఊరిదే అయి ఉండాలి. ఇప్పుడు బడిపిల్లల పలకలు తగ్గిపోయాయి, గోడలకూ నేలకూ వేసే బిళ్లలు కోస్తున్నారు.

రాజేశ్వరి నాయన చెన్నయ్య ఇంటి ముందే రేకుల పందిరి కింద పని చేస్తాడు. వేళ్ల గీతల్లో రాతిపొడి శాశ్వతంగా నిలిచిపోయింది. ఆయన భార్య లక్ష్మమ్మ నాకు చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగబోతుంటే చెన్నయ్య ఆపి, "అన్నకు క్యాను నీళ్లియ్యి" అన్నాడు. మా గుంటూరులో అతిథికి ముందు కాఫీ ఇచ్చామా లేదా అని చూసుకుంటాం. ఇక్కడ ఏ నీళ్లు ఇచ్చామన్నది చూసుకుంటారు. ఆమె చెంబు వెనక్కి తీసుకుపోతూ, "మేం ఇవే తాగినాం. పాపా ఇవే తాగింది" అంది. ఈ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కిడ్నీలు పోయేది వాటివల్లే అంటారు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర, ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, పెట్టారు. నా పళ్లకు రొట్టె కష్టమవుతుందని మజ్జిగలో నానబెట్టి పెట్టింది ఆమె. తిన్నాక చెన్నయ్య రాయి చీల్చడం చూపించాడు. ఉలి అంచున ఆనించి, సుత్తితో రెండు దెబ్బలు, అంతే. రాయి పుస్తకం తెరిచినట్టు విడిపోతుంది.

"ఇంత పలచగా ఎప్పుడూ చీల్చలేదు సార్. ఇంకా పలచన, ఇంకా పలచన అనేది పాప. ఒకటి నిలబడితే పది ఇరిగిపోయేవి. నీకు పెండ్లి జేసేదానికన్న ఇది కష్టమమ్మా అనేవాడ్ని. ముందు ఇది జెయ్ నాయనా, అది తర్వాత జూద్దాం అనేది."

లోపలికి పోయి గుడ్డలో చుట్టిన ఒక పలకను తెచ్చాడు. అరచెయ్యంత నల్లరాయి, మీద రాగి ముక్క, అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. యాంటెన్నాల్లో ఇంత అందమైనదాన్ని నేను చూడలేదు. యంత్రానికి కలిపాను. ఆమె పంపిన గీతే వచ్చింది. లోపలికి పంపిన శక్తి ఏ తరంగం దగ్గరా వెనక్కి తన్నడం లేదు. మేర ఎంతో వెడల్పు.

"బాగుందా సార్?" అన్నాడు చెన్నయ్య.

"కొలత బాగుంది. గిద్దలూరు పోయి, దూరం చూసి వచ్చి చెబుతాను" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. అప్పుడే ఇరవై పలకలకు రాయి ఏరి పక్కన పెట్టుకున్నాడు.

గిద్దలూరు దారిలో

పొద్దున్నే రైలు. కంభం దగ్గర చెరువు కనిపిస్తుందని కిటికీ పక్కన కూర్చున్నాను. నా పక్కనున్న పెద్దాయన, "చెరువని పేరేగానీ సముద్రమే. మా చిన్నప్పుడు కర్నూలు జిల్లా మాది. జిల్లా మారింది, చెరువు మాత్రం ఆడనే ఉంది" అన్నాడు. ఈ వైపు మాట సగం కోస్తా, సగం సీమ. 'వచ్చినాడు' అంటారు, 'ఏంది' అంటారు. నేను 'వచ్చారు' అంటే టీవీలో మాట్లాడినట్టుందని ఆయన అన్నాడు.

గిద్దలూరులో దిగి ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు, అంటే మరమరాలకు, తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ ఇస్తారు. ముప్పై రూపాయలు. మా వైపు బొరుగులు పిల్లల చిరుతిండి. ఇక్కడ అవి మనిషిని మధ్యాహ్నం దాకా నిలబెడతాయి. బజ్జీ కొరికి నేను దగ్గుతుంటే దుకాణం ఆమె, "నీకు బజ్జీ లేకుండా ఇయ్యాల్సింది తాతా" అని ఇంకో గరిటె ఉగ్గాని వేసింది.

కొండ కింద పల్లె

రాజేశ్వరి మేనమామ ఓబులేసు మోటారు సైకిల్ మీద వచ్చి నన్ను తీసుకుపోయాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. విరిగిన కాలు కాస్త ఈడుస్తాడు. వాళ్ల పల్లె నుంచి చూస్తే నల్లమల ఎదురుగా గోడలా ఉంటుంది.

అక్కడ నేను ఒక తప్పు చేశాను. అలవాటు కొద్దీ డైరీలో రాసుకుందామని, ఎన్ని గొర్రెలున్నాయి అని అడిగాను. దొడ్డిలో ఉన్న ఆడవాళ్లు చప్పున అటు తిరిగారు. ఓబులేసు నవ్వి, "ఉన్నాయిలే పెద్దాయనా, దేవుడిచ్చిన కాడికి" అన్నాడు. జీవాల లెక్క నోటితో చెప్పరట, చెబితే తగ్గుతాయట. లెక్క వేయనిదే అన్నం తినని వాడిని నేను. డైరీలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మిద్దె మీద రాజేశ్వరి పెట్టిన పెట్టె ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో భద్రంగా, పైన నల్లరాతి యాంటెన్నా. నేను దాని పక్కన కూర్చున్నాను. ఓబులేసు నడుముకు చిన్న పెట్టె కట్టుకుని, మీట నొక్కుకుంటూ కొండ వైపు నడవాలని చెప్పాను. తలపాగా సర్దుకుని మెట్లు దిగాడు.

గడపలో నొక్కాడు, మోగింది. వీధి చివర నొక్కాడు, సన్నగా మోగింది. దొడ్డి దాటి చెయ్యి ఎత్తాడు. నొక్కినట్టు గుర్తు. మోగలేదు. చేను గట్టు మీద నుంచి మళ్లీ చెయ్యి ఎత్తాడు. మోగలేదు. తిరిగి వచ్చాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. అది చూసి నాకు అర్థమైంది.

"ఇది ఎప్పుడూ మోగలేదు కదూ?" అన్నాను.

మెట్ల మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మొదటిసారి కొండ కాడికి పోయి నొక్కినా. ఇంట్లో మా ఆడామెకు జెప్పిపోయినా, మోగితే గురుతు పెట్టుకోమని. మోగలే. ఇంటికొచ్చి ఫోను తీసుకుంటిని, చెబుదామని. అంతలో పాపే చేసింది. ఆసుపత్రిలో ఉండాది. గొంతు పీలగా ఉండాది. మామా, మోగిందా? అని అడిగింది. మోగింది పాపా అన్నా."

ఒళ్లో తలపాగాను మడత పెట్టాడు.

"ఒకసారి అంటిని గదా, ఇంక ప్రతిసారీ అనాల్సొచ్చింది. ఈ పొద్దు మోగిందా? మోగింది. వానలో? వానలో కూడా. అది ఇంకొంచెం సేపు నవ్వుతా మాట్లాడేది. నేను కొండలో గొర్ల ఎనక తిరగతా ఉంటే, ఆపదొస్తే నొక్కేదానికి ఇదుందని ధైర్యంగా ఉండేది పాప. నాకు ఏం గాకుండా ఉంటే చాలనుకున్నా."

నేను తెచ్చిన మామూలు తీగ యాంటెన్నాను ఆ పెట్టెలకే కలిపి చూశాను. దూరం పెరిగింది. పెట్టెల్లో లోపం లేదు. ఆమె చేసిన ప్రతి అతుకూ సరిగ్గా ఉంది. రాయే అసలు సంగతి. ఆ రాయి శక్తిని వెనక్కి తన్నదు, అట్లాగని బయటికీ పంపదు. తనే తాగేస్తుంది. కాలువలో వదిలిన నీళ్లు వెనక్కి ఎగదన్నలేదని పొలానికి చేరాయనుకుంటాం. మధ్యలో ఇసుక తాగి ఉండొచ్చు. కొలతలో కనిపించిన ఆ వెడల్పు ఇసుక చేసిన వెడల్పు. దాన్ని పట్టుకోవడానికే దూరం పోయి చూస్తారు. ఆమె చూసింది కూడా. కానీ నడిచిన మనిషికి ఆమె మీద ప్రేమ ఎక్కువైంది.

మధ్యాహ్నం ఓబులేసు చేత ఖాళీ నూనె డబ్బా కోయించాను. ఒక రేకు పలక, దాని మీద నాలుగు కొయ్య ముక్కలు, వాటి మీద ఇంకో రేకు, మధ్యలో గాలి. మిద్దె మీదికి అది సరిపోతుంది, పెద్దదైనా ఫరవాలేదు. నడుము పెట్టెకు జానెడు లోపు తీగ కట్టాను. ఈసారి ఓబులేసు కొండ మొదట్లో ఉన్న రాళ్ల దాకా పోయాడు. మనిషి చుక్కలా కనిపిస్తున్నాడు. చెయ్యి ఎత్తాడు.

పెట్టె గట్టిగా మోగింది. దొడ్డిలో ఆడవాళ్లు పనులు ఆపి పైకి చూశారు.

తిరిగి వచ్చాక, మోగిందని చెప్పాను. అతను పెట్టె వైపు చాలాసేపు చూసి, "అప్పుడే మోగుంటే బాగుండు" అన్నాడు.

సాయంత్రం నన్ను స్టేషన్‌కు తీసుకుపోతూ దారిలో బండి ఆపాడు. "బావకు చెప్తారా పెద్దాయనా?"

"ఇరవై మందికి చేసిస్తానంటున్నాడు."

"వాళ్లకు నేను జెప్పుకుంటా, నమ్మొద్దని. నడుముకు కట్టుకోండి, మొక్కుబడికి అని చెప్తా. బావకు మాత్రం బాగుందనండి. ఆయనకు ఇంకేం మిగిలింది?"

ఆ మాట నన్ను లాగింది. కానీ ఇరవై మందిలో ఒకడైనా ఆ మాట మరచిపోతాడు. లేదా వాడి కొడుకు కట్టుకుని పోతాడు. వాగులో పడి, ఇంటి దగ్గర మోగుతోందనుకుని నొక్కుతూ కూర్చుంటాడు. "చెప్పక తప్పదు ఓబులేసూ" అన్నాను. బండి స్టార్ట్ చేశాడు. నేను రైలెక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, శెనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి, "మెల్లగా జెప్పండి" అన్నాడు.

మళ్లీ మార్కాపురం

ఆ రాత్రి లాడ్జిలో పడుకుని, మరుసటి రోజు ఎండ ఎక్కాక చెన్నయ్య ఇంటికి పోయాను. పందిరి కింద కూర్చుని రాయి చీలుస్తున్నాడు. నేను వస్తానని రాజేశ్వరి పలకను పొద్దున్నే తెచ్చి అరుగు మీద పెట్టాడట. ఇరవైలో నాలుగు అప్పుడే పక్కన నిలబెట్టి ఉన్నాయి.

మెల్లగా చెప్పడం నాకు రాదు. వరసగా చెప్పాను. కొలతలో తప్పు లేదని, అమ్మాయి చేతిపనిలో తప్పు లేదని, రాయి శక్తిని తాగేస్తుందని, కాలువ, ఇసుక సంగతి. సుత్తి పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"అయితే దూరం పోదా?"

"వీధి దాటదు."

"మా బామ్మర్ది మోగిందన్నాడే."

నేను అరుగు మీది పలక వైపు చూశాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత సుత్తి కింద పెట్టి, వేళ్లకున్న పొడి పంచెకు తుడుచుకున్నాడు.

"పాపకు తెల్సా?"

"తెలియదు. చివరిదాకా మోగుతోందనే అనుకుంది."

"మంచిపని జేసినాడు" అన్నాడు. కొంతసేపటికి మళ్లీ, "మంచిపనే జేసినాడు" అన్నాడు.

నూనె డబ్బా రేకుతో చేసిన యాంటెన్నా సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. పని మనిషికి పని మాట చెబితే కాస్త ఊపిరి ఆడుతుంది. "దాంట్లో యాడైనా మన రాయి ఉండొచ్చా సార్?" అన్నాడు. కింది రేకు వెనక వైపు ఉండొచ్చు, అక్కడ రాయి ఏ హానీ చేయదు, గాలికి ఎగరకుండా బరువుగా కూడా ఉంటుంది అన్నాను. కొలత అడిగాడు. చెప్పాను. చిన్నవిగా చీల్చిన నాలుగింటినీ తీసి పక్కకు పెట్టి, పెద్ద రాయి ఒకటి ముందుకు లాక్కున్నాడు. కానీ ఉలి పట్టుకోలేదు.

"పాప పంపిందంతా యాడికి పోయినట్టు సార్?"

"రాయిలోకే."

"రాయిలో ఏమవుతాది?"

"వేడి అవుతుంది."

ఆయన లేచి అరుగు దగ్గరికి పోయాడు. రాజేశ్వరి పలకను రెండు చేతులతో తీసుకుని, అరచేతిని దాని మీద ఆనించాడు. అట్లాగే నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి కేకేశాడు.

"ఏమ్మే, ఇట్ల రా."

లక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పట్టుకో. పాప పంపింది దీంట్లోనే ఉండాదంట."

ఆమె పలకను అందుకుంది. చెంపకు ఆనించుకుంది. "అవునయ్యో, వెచ్చగ ఉండాది" అంది.

ఆ పెట్టె పంపేంత శక్తితో పుట్టే వేడి చేతికి తెలియదు. పుట్టినా క్షణంలో ఆరిపోతుంది. వానాకాలం నుంచి నిలిచి ఉండదు. అరుగు మీద పొద్దుటి నుంచి మంచి ఎండ. పిల్లలు పరీక్షలో ఇట్లాంటి తప్పు రాస్తే నేను ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ని. ఇద్దరూ నా వైపు చూశారు, నేను ఏమైనా అంటానేమోనని.

"అవునమ్మా" అన్నాను.